పేరు నిలిచిన ధర్మము నిలుచునా?

ధర్మాసుపత్రుల కాలము చెల్లిపోయినదని మన విద్యావంతులలో పలువురు నేడు నమ్ముచున్నారు. హైటెక్ సిటీ మొదలుకొని గచ్చిబౌలి మీదుగా నల్లగండ్ల వరకు బాట కిరుప్రక్కల అద్దపుగోడల వైద్యశాలలు లేచినవి. కాలేయమును మార్చు వైద్యులు అచ్చట గలరు. రొమ్ము కోయకయే గుండె రక్తనాళములను సరిచేయు యంత్రములు అచ్చట గలవు. ఖర్చులకు కంపెనీవారి బీమా కలదు. బీమా లేని బీదలకు ప్రభుత్వపు ఆరోగ్యశ్రీ కలదు. ఇక బీదలకొరకు ఒకరు జోలె పట్టి ఆసుపత్రి నడుపవలసిన యవసరమేమి యని మన మిత్రులు ప్రశ్నించుచున్నారు. కొందరు ఇంకొక యడుగు ముందుకు వైచి, పేరు ప్రతిష్ఠలు గల సంస్థ యైనచో దయాధర్మములు దాని వెంట వాటంతట అవియే వచ్చునని కూడ భావించుచున్నారు.

ఈ రెండు నమ్మకములును పొరపాటులే యని మా వాదము. ఆసుపత్రికి ధర్మము భవనమువలన రాదు, బిరుదువలన రాదు. స్థాపకుల పుణ్యమైనను దానిని కలకాలము కాపాడజాలదు. బీదరోగిని త్రిప్పి పంపరాదను విధి స్పష్టముగ వ్రాయబడి, దాని నడుగు హక్కు లోకులకుండి, అడుగువారు నిజముగ అడిగిననే అది నిలుచును. అమెరికా దేశమునందలి కథోలిక ఆసుపత్రుల చరిత్ర దీనికి గొప్ప సాక్ష్యము.

ఆ చరిత్ర మనకేల యని చదువరులు శంకింపవచ్చును. ఆ ఆసుపత్రుల కూటములలో పెద్దవానిలో నొకటియగు ప్రావిడెన్స్ సంస్థ 2020లో మన హైదరాబాదునందే తన సాంకేతిక కేంద్రమును తెరచినది. మన యిరుగుపొరుగు బిడ్డలు అందుద్యోగులైరి. అంతియే కాదు. అమెరికా రోగుల చికిత్సలను బిల్లులకనువైన సంకేతములుగ మార్చు విద్యను, మెడికల్ కోడింగు అను పేర, అమీరుపేట గదులలో మన యువతీయువకులు నేర్చి, రాత్రులు మేలుకొని ఆ పని చేయుచున్నారు. ఆ దేశపు ఆసుపత్రుల జమాఖర్చులు మన యూర వ్రాయబడుచుండగా, వాని పుట్టుపూర్వోత్తరములను మాత్రము మనము తెలిసికొనకుండుట తగునా?

1856వ సంవత్సరము డిసెంబరు నెలలో కెనడాలోని మాంట్రియల్ నగరమునుండి అయిదుగురు కన్యాస్త్రీలు బయలుదేరి వచ్చి, అమెరికా వాయవ్యమున అడవుల నడుమనున్న వాంకూవర్ కోటకు చేరిరి. వారి నాయకురాలు పవిత్రహృదయపు మదర్ జోసెఫ్. బండ్లు చేయు తండ్రి కడ చిన్ననాడే వడ్రంగము నేర్చిన స్త్రీ యామె. 1858లో వారు నాలుగు మంచములతో సెయింట్ జోసెఫ్ ఆసుపత్రిని తెరచిరి. ఆ ప్రాంతమున అంతకుముందు స్థిరమైన ఆసుపత్రియే లేదు. ధనము చాలనప్పుడామె గుఱ్ఱమెక్కి గనికార్మికుల విడుదులకు పోయి బిచ్చమెత్తెను. కట్టడముల పటములు తానే గీసెను. దూలములు సరిగ కూర్చిరో లేదో తానే యెక్కి చూచెను. 1902లో ఆమె కన్నుమూయునాటికి ఆమె పూనికవలన లేచిన ఆసుపత్రులు 11, ఉన్నత పాఠశాలలు 7, అనాథశరణాలయములు 2. 1980లో వాషింగ్టన్ రాష్ట్రమువారు ఆమె విగ్రహమును దేశ శాసనసభా భవనమున నిలిపి గౌరవించిరి. ప్రావిడెన్స్ సంస్థకు మూలపుటమ్మ యీమెయే.

ఈ కథ యొంటరి కథ కాదు. పందొమ్మిదవ శతాబ్దమున ఐరోపానుండి ఓడలకొలది అమెరికాకు వలసపోయిన ఐరిష్, జర్మన్, ఇటాలియన్ కూలీలకు జబ్బుచేసినప్పుడు మంచమిచ్చువారు అరుదు. కన్యాస్త్రీల మఠము లచ్చటచ్చట ఆసుపత్రులు స్థాపించి వారిని చేర్చుకొనెను. 1915లో ఆ యాసుపత్రులు కలిసి యొక సంఘముగ నేర్పడినవి. స్త్రీకి వోటు హక్కైనను దేశమంతట లేని యాకాలమున, ఇంత పెద్ద సంస్థలకు అధికారిణులు స్త్రీలే యైరన్న సంగతిని మన గృహిణులు గమనింపవలయును.

అవి యెట్లు నిలువగలిగెను? దైవభక్తివలన నందురు కొందరు. భక్తి యుండవచ్చును, కాని భక్తితో పప్పుబియ్యములు రావు. అసలు కారణములు మూడు. మొదటిది, కన్యాస్త్రీలు జీతము పుచ్చుకొనలేదు. కూడు, గుడ్డ, మఠములో నొక గది, అంతియే వారి కూలి. రెండవది, ఊరివారి చందాలు. మూడవది, ఆసుపత్రిని నడుపువారే అందు కాపురముండిరి. రోగియొక్క మూలుగు వారి చెవిని పడకుండ లెక్కల పుస్తకము మూయబడలేదు. బీదవానిని చేర్చుకొనుట వారికొక పద్దు కాదు, వ్రతము. వ్రతభంగమైనచో వారు తమ సంఘమునకే మొగము చూపలేకుండిరి.

ఈ మూడు స్తంభములును ఇరువదవ శతాబ్దపు నడుమ కదలెను. 1946 మొదలు ఆసుపత్రుల నిర్మాణమునకు అమెరికా ప్రభుత్వము ధనమీయసాగెను. 1965లో వృద్ధులకు మెడికేర్ అనియు, బీదలకు మెడికెయిడ్ అనియు రెండు పథకములు వచ్చెను. ఇవి ఆ దేశ ప్రజలకు చేసిన మేలు గొప్పది. దానిని మేము కాదనము. కాని వానితోడనే ఆసుపత్రియొక్క చూపు మారెను. అంతకుముందు గుమ్మములోనికి వచ్చినవాడు రోగి. ఇప్పుడు వాని వెనుక ఎవరు చెల్లింతురు, ఎంత చెల్లింతురు అను ప్రశ్న వాని కంటె ముందుగ లోపల ప్రవేశించెను. అదే కాలమున మఠములలో చేరు కన్యలు తగ్గిపోయిరి. 1965లో అమెరికాలో కన్యాస్త్రీలు సుమారు 1 లక్ష 80 వేలమంది. నేడు 40 వేలకు లోపు. 1968లో 796 కథోలిక ఆసుపత్రులుండగా వానిలో 770కి కన్యాస్త్రీలో గురువులో అధిపతులు. 2011 నాటికి 636 ఆసుపత్రులలో అట్టివి 8 మాత్రమే మిగిలెను.

ఇచ్చట చదువరులొక సంగతిని బాగుగ గుర్తింపవలయును. క్షయమని మేమనుచున్నది భవనముల క్షయము కాదు. కొన్ని మూతపడెను. న్యూయార్కు నగరమున 1849లో స్థాపింపబడి, 1912లో టైటానిక్ ఓడ మునిగినప్పుడు బ్రదికి బయటపడినవారికి చికిత్సచేసిన సెయింట్ విన్సెంట్ ఆసుపత్రి 2010లో అప్పుల పాలై మూతపడెను; ఆ స్థలమున ధనికుల నివాసములు లేచెను. అయినను తక్కినవి ఒకదానితో నొకటి కలిసి మహాకూటములైనవి. నేడా దేశమున ఆసుపత్రి చేరు రోగులలో ఇంచుమించు ఏడుగురి కొకరు కథోలిక ఆసుపత్రిలోనే చేరుచున్నారు. శిలువ గోడపైన నున్నది. స్థాపకురాలి పటము వసారాలో నున్నది. లేనిదెద్ది?

లేనిది 2022లో బయటపడెను. ప్రావిడెన్స్ సంస్థ 2018లో మెకిన్సీ అను సలహాదారుల సాయమున రెవ్-అప్ అను వసూలు పద్ధతి నొకదానిని పెట్టుకొనెనని న్యూయార్క్ టైమ్స్ పత్రిక ప్రకటించెను. ఆ సలహాకు చెల్లించిన రుసుము 4 కోట్ల 50 లక్షల డాలర్లకు తక్కువ కాదని ఆ పత్రిక వ్రాసెను. ఉచిత చికిత్సకు చట్టరీత్యా అర్హులైన బీదలనుండియు సొమ్మడుగుటకు గుమాస్తాలకు శిక్షణ నిచ్చిరనియు, చెల్లింపనివారి బాకీలను వసూలు కంపెనీలకప్పగించిరనియు వెల్లడియైనది. అదే సంవత్సరమున వాషింగ్టన్ రాష్ట్రపు అటార్నీ జనరల్ వ్యాజ్యము వేసెను. 2024లో రాజీ కుదిరెను. సుమారు లక్షమంది రోగులకు సంబంధించి మొత్తము 15 కోట్ల 80 లక్షల డాలర్లకు సంస్థ యొడంబడెను. అందు 13 కోట్ల 70 లక్షలు బాకీల మాఫీ. తక్కినది చాలవరకు అప్పటికే వసూలైన సొమ్మును తిరిగి యిచ్చుట.

చూచితిరా! బీదలకొరకు గుఱ్ఱముపై తిరిగి బిచ్చమెత్తిన స్త్రీ స్థాపించిన సంస్థ, బీదలనుండియే వసూలు చేయుటెట్లో నేర్చుకొనుటకు సలహాదారులకు కోట్లు చెల్లించినది! ఆ పద్ధతిని హైదరాబాదు కేంద్రము నడపెనని మేమనుట లేదు. ఆ పద్ధతి యీ కేంద్రముకంటె ముందుపుట్టినది. మేము చెప్పునదొక్కటే. ఇంతటి మహనీయురాలి పేరే ధర్మమును కాపాడలేకపోయినప్పుడు, మన బాటప్రక్క మెరయు పేరులు కాపాడునని యెట్లు నమ్ముదుము? ఆ లక్షమంది బీదలను కాపాడినది స్థాపకురాలి పటము కాదు. ఉచిత చికిత్సకు అర్హులెవరో నిర్ణయించిన రాష్ట్ర చట్టము, దానిని చదివిన పత్రిక, దానినాధారముగ వ్యాజ్యము వేసిన ప్రభుత్వ న్యాయాధికారి కాపాడిరి.

బోస్టను కథ యింకను విషాదకరము. అచ్చటి కథోలిక పీఠాధిపత్యమునకు చెందిన కారిటాస్ క్రిస్టి ఆసుపత్రుల సమూహము 2010లో సెర్బెరస్ అను పెట్టుబడి సంఘమునకు విక్రయింపబడి స్టీవార్డ్ అను పేరు దాల్చెను. 2016లో ఆసుపత్రుల క్రింది నేలయు కట్టడములును వేరొక కంపెనీకమ్మబడెను. నాటినుండి ఆసుపత్రులు తమ యింటికే తాము అద్దె చెల్లింపవలసివచ్చెను. 2024 మే నెలలో సంస్థ దివాలా తీసెను. 1863లో కన్యాస్త్రీలు బీదల పేటలకై తెరచిన కార్నీ ఆసుపత్రి 2024 ఆగస్టు 31న తలుపులు మూసెను. ప్రేమ, దయ యని యర్థమిచ్చు కారిటాస్ అను పేరు అమ్మకపు దస్తావేజులో నెక్కడికి పోయెనో!

ఇక మన తెలుగుదేశమునకు వత్తము. పరపురుషునకు నాడి చూపుటకు సిగ్గుపడి, మంత్రసాని చేతిలో మన తల్లులు ప్రాణములు విడుచుచున్న కాలమున, 1883లో అన్నా కుగ్లర్ అను అమెరికను లూథరన్ వైద్యురాలు గుంటూరు చేరెను. 1898లో స్త్రీలకు బిడ్డలకు ఆమె ఆసుపత్రి తెరచెను. తన రాణికి జరిగిన చికిత్సకు సంతసించి ఏలూరు జమీందారు రోగుల బంధువులుండుటకై ఆ యాసుపత్రి చెంత సత్రము కట్టించెను. హిందువు కట్టించిన సత్రమున తలదాచుకొని, క్రైస్తవురాలి చేతి మందు పుచ్చుకొని, అన్ని కులములవారును స్వస్థత పొందిరి.

1920లో అదే గుంటూరునకు మేరీ గ్లోరీ వచ్చెను. ఆమె 1887లో ఆస్ట్రేలియాలో పుట్టి, మెల్బోర్నులో వైద్యపట్టము పొంది, నేత్రవైద్యమున మంచి రాబడి గల వృత్తి చేయుచుండి, దానిని విడిచి జె.ఎం.జె. సభలో కన్యాస్త్రీయయ్యెను. మఠములో నామె పేరు పవిత్రహృదయపు సిస్టర్ మేరీ. అమెరికా అడవులలోని మదర్ జోసెఫ్‌కును ఆమెకును బిరుదు సహిత మొక్కటియే. కన్యాస్త్రీలు వైద్యవృత్తి చేయరాదని వారి మతశాసనమే యప్పుడు నిషేధించుచుండెను. పోపుయొక్క ప్రత్యేకానుమతితో ఆమె పని సాగించెను. ఆ నిషేధము 1936లో గాని సడలలేదు. గుంటూరు సెయింట్ జోసెఫ్ ఆసుపత్రి ఆమె చేతిలో పెరిగెను. 1943లో ఆమె స్థాపించిన కథోలిక ఆసుపత్రుల సంఘము దేశమంతటను వ్యాపించి, నేడు సికింద్రాబాదు ప్రధాన కార్యాలయముగ పనిచేయుచున్నది. హైటెక్ సిటీలో అమెరికా కథోలిక ఆసుపత్రుల లెక్కగది యున్నదని తెలిసిన మన యువకులలో, సికింద్రాబాదులో నున్న యీ సంఘము ఒక గుంటూరు వైద్యురాలి చేతి పని యని యెరిగినవారెందరు?

వారు మతము కలుపుకొనుటకే యట్లు చేసిరని యొక ఆక్షేపణ కలదు. అందు కొంత నిజము లేకపోలేదు. మిషనువారు తమ మతము వ్యాపింపవలెననియే వచ్చిరి, దానిని దాచుకొననులేదు. మంచములో నున్న రోగి మతచర్చకు తగిన శ్రోత కాడని మేమును ఒప్పుకొందుము. స్త్రీ తన గర్భమును గూర్చి తాను నిర్ణయించుకొను విషయమున కథోలిక ఆసుపత్రులు నేటికిని పెట్టుచున్న నిషేధములను కూడ మే మంగీకరింపము. పిల్లలు చాలునని స్త్రీ కోరినను అందుకు తగిన శస్త్రచికిత్స చేయననుట వైద్యము కాదు. కాని యాక్షేపించు పెద్దలను మేమొకటడిగెదము. గుంటూరులో ఆ పరదేశ స్త్రీలు ప్రసూతి మంచములు వేయుచున్ననాడు మన మఠములు, మన సత్రములు, మన జమీందారీలు ఎన్ని మంచములు వేసెను? కుష్ఠురోగిని ఊరి వెలుపల విడిచినవారు, వానిని చేర్చుకొన్నవారిని నిందించుట న్యాయమా?

సేవ యే యొక్క మతముయొక్క సొత్తును కాదు. నేడు బహుళాంతస్తుల గృహములతో నిండిన కూకట్‌పల్లిలో 1958లో రాణీ కుముదినీదేవి శివానంద పునరావాస గృహమును కుష్ఠురోగులకై స్థాపించెను. సంస్థానపు గృహమున కోడలుగ మెట్టిన హిందూస్త్రీ, అందరు వెలివేసినవారికి చోటు చూపెను. సైబరాబాదు అను మాట పుట్టుటకు నాలుగు దశాబ్దముల ముందే ఆ దిక్కున ధర్మవైద్యము పుట్టినదన్న మాట.

వేరొకరు మరియొక వైపునుండి, ఆ కన్యాస్త్రీల వలె జీతము లేక సేవచేయువారు నేడుండిన అన్నియు బాగుపడునని నిట్టూర్చుదురు. ఈ నిట్టూర్పును మేము ఖండింపక తప్పదు. స్త్రీల ఉచితశ్రమపైన కట్టిన ధర్మము ఆ స్త్రీలు లేచిపోయిననాడు కూలుననియే అమెరికా చరిత్ర చెప్పుచున్నది. పైగా ఆ భారము పూర్తిగ తొలగనులేదు. కన్యాస్త్రీ భుజమునుండి నర్సు భుజమునకు మారినది. 2016లో సుప్రీంకోర్టు ఆదేశముపైన కేంద్రప్రభుత్వము నియమించిన సంఘము, అతిచిన్న ప్రైవేటు ఆసుపత్రియందైనను నర్సుకు నెలకు 20 వేల రూపాయలకు తక్కువ ఈయరాదనియు, 200 మంచములకు మించిన ఆసుపత్రులు ప్రభుత్వ నర్సులతో సమానముగ నీయవలెననియు సిఫారసు చేసెను. మీ కుటుంబము పోయిన ఆసుపత్రిలో రాత్రియంతయు మేలుకొన్న యువతికి ఎంత జీతమో మీరెన్నడైన విచారించితిరా? సేవయని పొగడి కూలి తగ్గించుట సేవను గౌరవించుట కాదు.

ఇప్పుడు మన బాట నొకమారు పరిశీలింతము. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన పిమ్మట ఇచ్చటికి వచ్చినవి రెండు: బీమా గల యుద్యోగులు, వారిని చూచి ఆసుపత్రులు. కేర్ ఆసుపత్రి కథ తీసికొందము. 1997లో డాక్టరు సోమరాజు మొదలగు హృద్రోగ వైద్యులు దానిని స్థాపించిరి. అబ్దుల్ కలాముతో కలిసి చౌకయైన స్టెంటును రూపొందించిన సోమరాజే యీతడు. 2012లో ఆ సంస్థలో అధికభాగము అడ్వెంట్ అను విదేశీ పెట్టుబడి సంఘము చేతికి పోయెను. 2016లో అబ్రాజ్ చేతికి. అబ్రాజ్ కుప్పకూలిన తరువాత టీపీజీ వారి చేతికి. 2023లో బ్లాక్‌స్టోన్ చేతికి. అచ్చటి వైద్యుల నేర్పును మేము శంకించుట లేదు. పెట్టుబడి సంఘముల స్వభావమును మాత్రము చదువరుల యెదుట పెట్టుచున్నాము. అవి అన్యుల ధనమును ప్రోగుచేసి, కంపెనీలను కొని, కొన్ని యేండ్లలో అధికధరకు అమ్మి లాభము పంచవలసిన సంఘములు. వాని దృష్టిలో ఖాళీ మంచము నష్టము. చెల్లింపలేనివాడు పండుకొన్న మంచము అంతకంటె నష్టము. యజమానులు దుర్మార్గులు కానక్కరలేదు; లెక్కయే అట్లు నడిపించును. ఆసుపత్రి చేతులు మారునప్పుడు యంత్రములు, మంచములు, అప్పులు, బిరుదు అన్నియు పత్రమున నెక్కును. బీదరోగియెడల బాధ్యత యా పత్రమున నున్నదా? ఆ ప్రశ్న నడుగుట మనమింకను అలవాటు చేసికొనలేదు.

బీమా కలదు గదా యని మరల చెప్పుదురు. కంపెనీ యిచ్చు బీమా ఉద్యోగముతో వచ్చి ఉద్యోగముతో పోవును. ఉద్యోగము పోయిన మరునెలలో తండ్రికి గుండెనొప్పి వచ్చినచో, నిన్నటివరకు నమస్కరించి లోనికి పిలిచిన గుమ్మమే నేడు ముందుగ సొమ్ము కట్టుమనును. ఇది బీదల సమస్య మాత్రమే యనుకొన్న మధ్యతరగతి గృహస్థు అప్పుడు తానును బీదవాడే యని తెలిసికొనును. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ వలన ఎందరో బ్రదికిరి. దానిని మేము మనఃపూర్వకముగ మెచ్చుకొందుము. కాని అది జాబితాలోని చికిత్సలకే వర్తించును. ఆ పథకమున చేరుటయు చేరకుండుటయు ప్రైవేటు ఆసుపత్రి యిష్టము. మన యిండ్లలో అంట్లు తోము స్త్రీ, మన ద్వారముకడ నిలుచు కాపలాదారు, మన భవనములకు సున్నము వేయు పాలమూరు కూలీ జబ్బుపడినచో కొండాపురపు ప్రభుత్వ ఏరియా ఆసుపత్రికో, నిమ్సుకో, ఉస్మానియాకో పోవుచున్నారు. వారు కట్టిన ఆసుపత్రి వారి గుడిసె కెదుటనే యున్నను అది వారికి దూరదేశము.

మరి వేరుమార్గ మున్నదా యనిన, మన నగరముననే యున్నది. అమెరికాలో పేరు గడించిన డాక్టరు గుళ్లపల్లి నాగేశ్వరరావు స్వదేశమునకు మరలి, చలనచిత్ర నిర్మాత ఎల్.వి. ప్రసాదు కుటుంబపు విరాళముతో 1987లో నేత్రవైద్య సంస్థను స్థాపించెను. చెల్లింపగలవారు చెల్లింతురు, చెల్లింపలేనివారు చెల్లింపకయే అదే వైద్యుని చేత అదే చికిత్స పొందుదురు. సుమారు సగముమందికి ఉచితముగ చికిత్స జరుగుచున్నదని ఆ సంస్థయొక్క లెక్క. అచ్చట జీతము లేని సన్యాసినులు లేరు. లాభము పంచుకొను వాటాదారులును లేరు. ధర్మాసుపత్రి యనగా చిరిగిన పరుపు, రెండవరకపు మందు అను అపోహను ఆ సంస్థ తుడిచివైచినది. కావున ఆధునిక శాస్త్రమునకును దానమునకును వైరము లేదు. వైరమున్నది దానమునకును శీఘ్రలాభమునకును నడుమ.

న్యాయమార్గమును కలదు. ఢిల్లీలో తక్కువ ధరకు ప్రభుత్వ భూమి పొందిన ప్రైవేటు ఆసుపత్రులు, లోపలి మంచములలో నూటికి 10, వెలుపలి రోగులలో నూటికి 25 చొప్పున బీదలకు ఉచిత చికిత్స చేయవలెనని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పెను. భూమి పుచ్చుకొన్నప్పుడు తలయూపి, చికిత్స చేయవలసినప్పుడు ముఖము చాటువేయుట చెల్లదని దాని సారాంశము. ఈ తీర్పును మన రాజధానివారు చదువరాదా?

కావున మేము కోరునవి యివి. మొదటిది, ప్రజల భూమినో పన్నుల రాయితీనో పొందిన ప్రతి యాసుపత్రియు, ఆ రాయితీతో పాటు అంగీకరించిన షరతులను తెలుగున, ఉర్దూన ద్వారముకడ వ్రాసి, గత సంవత్సరము ఎందరు బీదలను ఉచితముగ చేర్చుకొనెనో ఏటేట ప్రకటింపవలయును. రెండవది, ఆసుపత్రి యమ్మబడినప్పుడు ఆ బాధ్యత నేలతో పాటు కొన్నవానికి సంక్రమింపవలయును. అట్టి యమ్మకమునకు ముందు బహిరంగ విచారణ జరుగవలయును. మూడవది, బిల్లు వ్రాయుటకు ముందే రోగి ఉచిత చికిత్స కర్హుడా యని ఆసుపత్రియే విచారింపవలయును; బాకీ పడి, వసూలుకారుడు తలుపు తట్టిన పిదప విచారించుట వాషింగ్టనులో నేమి ఫలితమిచ్చెనో చూచితిమి. నాలుగవది, 2016నాటి సిఫారసు ననుసరించి నర్సుల జీతములు చట్టబద్ధము కావలయును.

ప్రభుత్వమునే అని యూరకొనుట మా యభిమతము కాదు. మన చదువరులకును పని కలదు. 2013 కంపెనీల చట్టము ననుసరించి పెద్ద కంపెనీలు లాభములలో నూటికి 2 వంతులు సమాజహితమునకు వినియోగింపవలయును. ఆ సొమ్మును పరుగుపందెముల చొక్కాలకును పటములకును ఖర్చుచేయుటకంటె, తమ గుమ్మమునకు కూతవేటు దూరమునున్న కొండాపురపు ఆసుపత్రిలో ప్రసూతి మంచములకు, మందులకు వినియోగింపుడని యుద్యోగులు తమ యజమానుల నడుగరాదా? నివాస సంఘములలో ఈతకొలనునకు నెలచందా వేసికొనువారు, తమ ప్రహరిలోపల పనిచేయు స్త్రీల వైద్యమునకొక నిధి యేర్పరచుకొనరాదా? ఆసుపత్రులకు లెక్కల యంత్రములు కూర్చు మన యువకులు, బిల్లు వెలువడుటకు ముందు బీదరికమును విచారించు వరుస నొకదానిని ఆ యంత్రమున చేర్పుడని అధికారులకు చెప్పరాదా? నాడు మదర్ జోసెఫ్ దూలములను పరీక్షించినది. నేడు సంకేతముల వరుసలే ఆసుపత్రి దూలములు.

పూర్వులు చెరువు త్రవ్వించినప్పుడు, ఏటేట పూడిక తీయువారెవరో, గట్టు తెగిన బాధ్యత యెవరిదో శాసనమున చెక్కించిరి. త్రవ్వించినవాని పేరుమీద నమ్మకముంచి యూరకొనలేదు. ఆసుపత్రియు అట్టిదే. మన బాటప్రక్కనున్న ఆసుపత్రుల శాసనములలో బీదరోగి వంతు వ్రాయబడియున్నదో లేదో ముందుగ చదివింపుడు, లేకున్న వ్రాయింపుడు, వ్రాసియున్న అడుగుడు.